ఆసు ఉంది కదా అని...

2005 జులై 16, శనివారం. లాస్ వేగాస్ పాత బజారులోని బినియన్స్ క్యాసినోలో తెల్లారిపోయింది. ముందురోజు సాయంత్రం తొమ్మిది మందితో మొదలైన పోకర్ ప్రపంచ పోటీ ఆఖరి ఆట దాదాపు 14 గంటలుగా సాగుతూనే ఉంది. బల్ల దగ్గర ఇక ఇద్దరే మిగిలారు. ఆ పోటీ ఆనవాయితీ ప్రకారం వాళ్లిద్దరి ముందూ నోట్ల కట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. అదే సమయానికి మన జూలూరుపాడులో పొద్దుగూకుతోంది. పత్తి చేలల్లో కలుపు తీసిన కూలీలు ఇళ్లకు మళ్లే వేళ.

ఆ ఇద్దరిలో ఒకాయన జో హాషెమ్. లెబనాన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఆస్ట్రేలియా చేరాడు. ఎముకలు, కీళ్లు సరిచేసే వైద్యం ఆయన వృత్తి. చేతుల్లో రక్తనాళాల జబ్బు రావడంతో ఆ పని మానుకోవాల్సి వచ్చింది. ఆయన వెనక ఆస్ట్రేలియా జెండాలు పట్టుకున్న గుంపు కేకలు పెడుతోంది. రెండో ఆయన స్టీవ్ డానెన్‌మన్, అమెరికాలోని మేరీల్యాండ్‌లో అకౌంటెంటు. తన స్నేహితుల బృందంలోనే తాను నాలుగో స్థాయి ఆటగాణ్నని నవ్వుతూ చెప్పుకునే రకం. ఈ పోటీకి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. దాన్ని ఒక మిత్రుడితో చెరిసగం వేసుకుని వచ్చాడు. 5,619 మంది దిగిన పోటీలో ఆఖరి ఇద్దరిలో ఒకడిగా మిగిలాడు. గెలిస్తే 75 లక్షల డాలర్లు, ఓడితే 42.5 లక్షలు.

ముక్కలు పంచారు. డానెన్‌మన్ రెండు ముక్కల అంచులూ ఎత్తి చూసుకున్నాడు. డైమాను ఆసు, కళావరు మూడు.

ఆట కాసేపు అక్కడే ఆపుదాం. పత్తాలాట అంటే రమ్మీ, మూడు ముక్కలాట, లోపలా బయటా అని తెలిసినవాళ్లకు పోకర్ సంగతి ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లించి ఇస్తారు, వాటిని ఎవరివి వాళ్లే చూసుకోవాలి. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, ఆపైన ఒకటి, చివరగా ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్లదే పందెం. మధ్యమధ్యలో పందెం పెంచొచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు, లేదా ముందున్న సొమ్మంతా ఒక్కసారే తోసేయొచ్చు. ఆ చివరిదాన్నే ఆల్ ఇన్ అంటారు.

అన్నిటికన్నా పెద్ద ముక్క ఆసు. అది కనబడగానే చేయి దానంతటదే సొమ్ము మీదికి పోతుంది. అయితే ఆసుకు తోడుగా వచ్చిన ముక్క రాజో రాణో అయితే ఒక కథ, మూడో నాలుగో ఐదో అయితే వేరే కథ. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి కొనేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. బస్తా మూతి విప్పితే పైన ఎర్రగా నిగనిగలాడే కాయ, మోచేతి దాకా చేయి పెట్టి లాగితే తాలు. చిన్న తోడున్న ఆసు ఆ బస్తాయే.

ఇక లెక్క చూద్దాం. బల్ల చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు, మీ చేతిలో ఒక ఆసు ఉంది. మిగతా ఎనిమిది మందిలో కనీసం ఒకరి దగ్గర ఇంకో ఆసు ఉండే అవకాశం 100కి 69 దాటుతుంది. ఆరుగురే ఆడుతుంటే దాదాపు సగం. ఎదుట ఒక్కడే ఉంటే 100కి 12. మీ తోడు ముక్క ఐదు అయితే, ఆ రెండో ఆసు తోడు మీకన్నా పెద్దదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆసు-రాజుకు ఎదురుగా ఆసు-ఐదు పడితే 100 ఆటల్లో గెలిచేది సుమారు 25. నాలుగైదు సమానంగా తేలతాయి, మిగతా 70 పోతాయి. ఆశించినట్టే ఆసు బల్ల మీద తెరుచుకున్నా లాభం లేదు. అది ఇద్దరికీ జోడే, తేల్చేది తోడు ముక్కే. అసలు బల్ల మీది ఐదింటిలో మీకు ఇంకో ఆసు పడే అవకాశమే 100కి 28 మించదు.

ఈ లెక్కలు తెలియని వాళ్లేమీ కాదు ఆ ఆఖరి బల్లల దాకా చేరేవాళ్లు. అయినా వరసగా రెండేళ్లు ఆ పోటీ ఆఖరి ఆటను ముగించింది చిన్న తోడున్న ఆసే. ముందు 2004 సంగతి చూద్దాం.

ఆ ఏడాది ఇదే పోటీలో 2,576 మంది ఆడారు. అంతకు ముందు ఏడు ఆడింది 839 మందే. టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే మామూలు అకౌంటెంటు ఇంట్లో కంప్యూటర్ ముందు చిన్న ఆన్‌లైన్ పోటీ గెలిచి, దాని పుణ్యాన 2003లో అసలు పోటీకి వచ్చి 25 లక్షల డాలర్లు ఎగరేసుకుపోయాడు. ఆ కబురు విన్నాక ఇళ్లలో కూర్చున్న జనమంతా కదిలారు. 2004లో మిగిలిన ఇద్దరిలో గ్రెగ్ రేమర్ కూడా ఆన్‌లైన్ దారిలో వచ్చినవాడే. వృత్తిరీత్యా పేటెంటు వకీలు. తన ముక్కల మీద ఒక శిలాజం పెట్టుకుని ఆడేవాడు. ఎదుట ఉన్నది డేవిడ్ విలియమ్స్, డల్లాస్‌లో చదువుకుంటున్న కుర్రాడు.

విలియమ్స్‌కు వచ్చినవి ఆసు, నాలుగు. రేమర్‌కు ఎనిమిదుల జోడు. అప్పటికే విలియమ్స్ వెనకబడి ఉన్నాడు, గెలుపు అవకాశం మూడింట ఒక వంతు కూడా లేదు. అది అతనికి కనబడదు. బల్ల మీద నాలుగు, రెండు, ఐదు తెరుచుకున్నాయి. విలియమ్స్‌కు నాలుగుల జోడు కలిసింది, పైన ఆసు తోడుంది, మూడు పడితే వరస కూడా. ఏ కుర్రాడికైనా కడుపు నిండే దృశ్యం. నాలుగో ముక్క రెండు. ఐదో ముక్క మళ్లీ రెండు. మూడు రెండ్లు, వాటికి నాలుగుల జోడు, అంటే ఫుల్ హౌస్. రేమర్ ఉన్నదంతా తోశాడు, విలియమ్స్ ఒప్పుకున్నాడు. రేమర్ చూపించినవి అవే మూడు రెండ్లు, వాటికి ఎనిమిదుల జోడు.

ఆ చివరి లెక్కలో విలియమ్స్ ఆసుకు చోటే లేదు. ఏ ముక్కను చూసి అతను ఆ ఆటలో కాలు పెట్టాడో అది చివరికి అతని ఐదు ముక్కల్లోనే లేకుండా పోయింది. 35 లక్షల డాలర్లు తీసుకుని లేచాడు. రేమర్‌కు 50 లక్షలు.

ఇప్పుడు మళ్లీ 2005కు, డానెన్‌మన్ దగ్గరికి.

ఆసు-మూడు చూసుకుని ఆయన పందెం పెంచాడు. హాషెమ్ ఒప్పుకున్నాడు. హాషెమ్ చేతిలో ఏమున్నాయో చూస్తే మూడు ముక్కలాట ఆడే మన ముసలివాళ్లు నవ్వుతారు. కళావరు ఏడు, ఇస్పేటు మూడు. రెండు చేతుల్లోనూ మూడు ఉంది. ఒకరికి దానిపైన ఆసు, ఇంకొకరికి ఏడు. ఇక్కడ తాలు బస్తా హాషెమ్‌దే. అక్కడితో ఆపేస్తే మూడింట రెండొంతుల గెలుపు డానెన్‌మన్‌దే.

మూడు ముక్కలు తెరిచారు. ఆటీను ఆరు, డైమాను ఐదు, డైమాను నాలుగు.

హాషెమ్‌కు మూడు నుంచి ఏడు దాకా వరస అక్కడికక్కడే కుదిరింది. ఆయన ఆ సంగతి బయట పడనివ్వకుండా ఊరకున్నాడు. డానెన్‌మన్ చేతిలో మూడు నుంచి ఆరు దాకా నాలుగు ఉన్నాయి, అటు రెండు పడినా ఇటు ఏడు పడినా వరస. పందెం వేశాడు. హాషెమ్ పెంచాడు. డానెన్‌మన్ ఒప్పుకున్నాడు.

నాలుగో ముక్క ఇస్పేటు ఆసు.

14 గంటలు మేల్కొని ఉన్న మనిషి ముందు, వరస కోసం ఎదురుచూస్తున్న చేతికి, ఆసుల జోడు వచ్చి పడింది. ఆ ముక్క ఆరో తొమ్మిదో అయి ఉంటే ఆయన కాస్త ఆలోచించేవాడేమో. ఆసు ఆలోచించనివ్వలేదు. హాషెమ్ పందెం వేస్తే ఈయన పెంచాడు. హాషెమ్ ఉన్నదంతా తోశాడు. ఈయన ఒప్పుకున్నాడు. ముక్కలు తిప్పి చూపించాక గదిలో అందరికీ అర్థమైంది. మిగిలిన 44 ముక్కల్లో ఒక్కటి కూడా డానెన్‌మన్‌ను గెలిపించలేదు. మూడు ఏడులున్నాయి, వాటిలో ఒకటి పడితే చెరిసగం. ఇంకో ఆసు పడినా దండగే. ఐదో ముక్క కళావరు నాలుగు. హాషెమ్ వాళ్ల గుంపు బల్ల మీదికి విరుచుకుపడింది.

డానెన్‌మన్‌ను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఇద్దరే మిగిలిన ఆటలో ఆసు-మూడుతో పందెం పెంచడం సబబే. ఆ తర్వాత జరిగింది దురదృష్టమే అనొచ్చు. కాకపోతే దురదృష్టం సాధారణంగా పనికిరాని ముక్క రూపంలో వస్తుంది, ఇక్కడ ఆయన కోరుకున్న ముక్క రూపంలోనే వచ్చింది.

అయితే చిన్న తోడున్న ఆసు ఎప్పటికీ పనికిరానిదా? కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వివరంగా చూద్దాం.

ఇద్దరే ఆడుతున్నారు. తప్పనిసరి పందేలు ఒకరివి 5 రూపాయలు, ఇంకొకరివి 10. మీ ముందు మొత్తం 100 ఉంది, అందులో 5 ఇప్పటికే బల్ల మీదికి పోయింది. చేతిలో ఆసు-ఐదు. మిగిలిన 95 తోసేశారు. ఎదుటివాడు పదింటిలో ఏడుసార్లు భయపడి ముక్కలు పడేస్తాడనుకుందాం. ఏడుసార్లూ బల్ల మీది 15 మీదే, అంటే 105. మిగతా మూడుసార్లు మంచి ముక్కలతో ఒప్పుకుంటాడు. అప్పుడు మీరు 100కి 38 సార్లే గెలుస్తారనుకున్నా, సగటున ఆటకు 19 చొప్పున 57 పోతుంది. పది ఆటల మీద 48 మిగులు. అంటే తోయడం లాభమే.

ఇప్పుడు అవే ముక్కలు పట్టుకుని అవతలి కుర్చీలో కూర్చోండి. తప్పనిసరి 10 మీది. ఎదుటివాడు 100 తోశాడు, ఒప్పుకోవాలంటే మీరు ఇంకా 90 పెట్టాలి. అతను పెద్ద జోడో పెద్ద తోడున్న ఆసో ఉంటే తప్ప తోయని మనిషి. మీరు గెలిచేది 100కి 32 అనుకోండి. 200 బల్లలో మీ వాటా 64, పెట్టింది 90, ఆటకు 26 నష్టం. ముక్కలు అవే, సొమ్ము అంతే. ముందు తోసినవాడికి లాభం, వెనక ఒప్పుకున్నవాడికి నష్టం. ఎందుకంటే ఆ ఆసు సంపాదించేదంతా ఎదుటివాడు ముక్కలు పడేయడం వల్లే. ముక్కలు తిప్పి పోల్చుకునే దాకా వస్తే దానికి విలువ లేదు. డేవిడ్ స్క్లాన్‌స్కీ లాంటి పోకర్ రచయితలు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. పందెం మొదలెట్టడానికి సరిపోయే చేయి, ఇంకొకడు పెట్టిన పందేన్ని ఒప్పుకోవడానికి సరిపోదు.

ఈ తేడా ఫోన్‌లో ఆడేటప్పుడు ముందుగా చెరిగిపోతుంది. జూలూరుపాడు సెంటర్‌లో ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. ఈ కుర్రాడు నా ఊహే, లెక్క మాత్రం కాదు. పత్తి తీతలు అయిపోయాయి, కొత్తగూడెం రోడ్డు మీద లారీల మోత తప్ప సందడి లేదు. పక్కన మంచం మీద వాళ్ల బావ.

"బావా, ఆసు పడింది."

"తోడేంది?"

"ఐదు."

"పడెయ్ రా."

"ఆసు బావా! ఎట్ల పడేస్త?"

52 ముక్కల పేకలో రెండు ముక్కల జతలు 1,326. వాటిలో ఒక ఆసు, దానికి తోడు రెండు నుంచి తొమ్మిది లోపు ఉన్న జతలు 128. అంటే పది ఆటలకు ఒకసారి ఈ బావామరుదుల వాదన రావాల్సిందే. ఎదురెదురుగా కూర్చుని ఆడే బల్ల మీద గంటకు సుమారు 30 ఆటలు నడుస్తాయి. మూడుసార్లు ఆశ పుట్టి మూడుసార్లు అణగాలి. ఫోన్‌లో ముక్కలు కలిపేవాడు లేడు, పంచేవాడు లేడు. గంటకు 60 దాటుతాయి. ఆశ ఆరేడు సార్లు పుడుతుంది. ప్రతిసారీ పడేయడానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. పైగా తెర మీద ఎదుటివాడి ముఖం లేదు, చేతి వణుకు లేదు. చిల్లర పందేల బల్లల మీద భయపడి పడేసేవాడు తక్కువ. ఒకడు తోస్తే ఇద్దరు ముగ్గురు ఒప్పుకుంటారు, ఆ ముగ్గురిలో ఒకడి దగ్గర ఆసు-రాజు ఉండనే ఉంటుంది. ఎదుటివాడు పడేయడం మీదే బతికే చేయి, ఎవరూ పడేయని బల్ల మీదికి వచ్చిందన్నమాట.

మన ప్రాంతానికి ఈ వ్యవహారంలో పాత చరిత్రే ఉంది. 1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని తేల్చారు. ఆ తీర్పు చాటునే యాభై ఏళ్ల తర్వాత రమ్మీ, పోకర్ యాప్‌లన్నీ వ్యాపారం చేశాయి.

తెలంగాణ 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి ఆ చాటు తీసేసింది. నేర్పున్న ఆటైనా సరే, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడకూడదంది. యాప్‌లు ఫోన్ ఎక్కడుందో చూసి తెలంగాణలో బల్ల తెరవడం మానేశాయి. ఆంధ్రప్రదేశ్ అదే పని చేసింది 2020 సెప్టెంబరులో. మధ్యలో మూడేళ్ల పైచిలుకు, జూలూరుపాడులో తెరుచుకోని బల్ల సత్తుపల్లి దాటి హద్దు అవతల అడుగు పెడితే తెరుచుకునేది. ఒకే భాష, ఒకే పత్తి, ఒకే మిర్చి, రోడ్డు మీద ఒక బోర్డు తేడా. 2023 అక్టోబరు నుంచి జమ చేసిన సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పడింది. ఇక 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నేర్పా అదృష్టమా అన్న వాదననే పక్కన పెట్టి ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధించింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి ఆ చట్టంలో శిక్ష లేదు. పేరున్న దేశీయ యాప్‌లు డబ్బాటలు ఆపేశాయి. ఎక్కడో విదేశంలో నమోదై, టెలిగ్రామ్ లింకుల మీద తిరిగే సైట్లు మాత్రం జాగా ఖాళీ అయిందని సంబరపడుతున్నాయి.

గెలిచిన ఆసు కథ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2008 నవంబరులో ఇదే పోటీ ఆఖరి ఆట. డెన్మార్క్ కుర్రాడు పీటర్ ఈస్ట్‌గేట్‌కు 22 ఏళ్లు. చేతిలో డైమాను ఆసు, ఇస్పేటు ఐదు. ఎదుట రష్యాకు చెందిన ఇవాన్ డెమిడోవ్, ఆటీను నాలుగు, రెండు. బల్ల మీద రెండు, రాజు, మూడు తెరుచుకున్నాయి. నాలుగో ముక్క నాలుగు. డెమిడోవ్‌కు రెండు జోడులు కుదిరాయి, ఈస్ట్‌గేట్‌కు ఆసు నుంచి ఐదు దాకా వరస కుదిరింది. ఐదో ముక్క ఏడు పడ్డాక డెమిడోవ్ ఉన్నదంతా తోశాడు. ఈస్ట్‌గేట్ ఒప్పుకుని 91,52,416 డాలర్లు గెలిచాడు. అక్కడ కూడా ఆసు పెద్ద ముక్కగా పనికిరాలేదు. ఒకటిగా, అన్నిటికన్నా చిన్న ముక్కగా పనికొచ్చింది. గెలిచిన రెండేళ్లకే ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. ఆ తర్వాత మళ్లీ కొన్నాళ్లు ఆడాడు లెండి. విజేతకిచ్చే బంగారు కంకణాన్ని 2010లో ఈబేలో వేలం వేస్తే 1,47,500 డాలర్లు పలికింది, ఆ సొమ్ము యూనిసెఫ్‌కు ఇచ్చాడు.

మన ఊహలోని కుర్రాడు బావ మాట వినకుండా, ఏదో విదేశీ సైటు బల్ల మీద ఉన్నదంతా తోశాడనుకోండి. ఈస్ట్‌గేట్‌కు పడినట్టే రెండు, మూడు, నాలుగు పడి వరస కుదిరిందనే అనుకోండి. సొమ్ము తెర మీద అంకెగా కనబడుతుంది, తీసుకుందామంటే ఖాతా ఆపేశామని సందేశం వస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, అలా గెలిచిన సొమ్ము ఇప్పించమని దావా వేయడానికీ లేదు. కొత్తగూడెంలో ఏ వకీలు దగ్గరికి వెళ్లినా ముందు ఆ సెక్షనే చూపిస్తాడు.